గాజుతొట్టిలో మంద మన్ను

సిగ్గును దాచుకోవడానికి మా ఇంట్లో చోటు లేదు. ఉన్న ఒక్క గోడనూ పోగొట్టుకున్నాను. అందుకే తెచ్చి మీ దగ్గర దాచుకుంటున్నాను. నవ్వుకోండి, అడ్డు చెప్పను. మా బడి వైపు మాత్రం ఈ మాట పోనివ్వకండి.

ప్రొద్దుటూరులో మాది రెండు గదుల అద్దె ఇల్లు. ముందు గదికి తూర్పున ఒక కిటికీ, కిటికీ కింద మూడడుగుల గోడ. ఇంటి మొత్తానికి వెలుతురు పడేది అక్కడే. ఆ మూడడుగుల మీద నాకూ నా భార్య సుప్రియకూ ఒకేసారి కన్ను పడింది.

సుప్రియ జాకెట్లకు మగ్గం పని చేస్తుంది. పులివెందుల పెళ్ళివారు ఒక్కసారిగా పదకొండు జాకెట్లు ఇచ్చారు. ఒంటి చేతితో కాదని, చేపలంగడి షోయబ్ భార్య అఫ్సానాను తోడు పిలుచుకుంది. రెండో మగ్గం వేయడానికి ఆ కిటికీ వెలుతురు కావాలంది. నాకేమో అక్కడ చేపలతొట్టి కావాలి.

"చేపలా? పోయినేడు కుందేళ్ళంటివి. గడ్డి ఎవురేసిరి?"

"నువ్వు."

"అంతకుముందు పుట్టగొడుగులంటివి. నీళ్ళు ఎవురు సల్లిరి?"

"నువ్వే."

"మా అమ్మ నిన్ను ఊరికే ఆరంభయ్య అనల్యా సామీ!"

"ఇది అట్లాంటిది కాదు సుప్రియా. దీనికి పనే ఉండదు."

నేను తొమ్మిదో తరగతికి జీవశాస్త్రం చెప్పేవాణ్ణి. నల్లబల్ల ఒక్కటే తక్కువగా, అంతా విడమరిచాను. అడుగున అంగుళం మన్ను, మన్ను మీద అంగుళం ఇసుక, ఇసుక నిండా నీటిమొక్కలు. చేప విడిచిన మురికి మన్నుకు ఎరువు. మన్నులోని ఎరువు మొక్కకు మేత. మొక్క విడిచిన గాలి చేపకు ఊపిరి. పంపు లేదు, మోటారు లేదు, వారంవారం నీళ్ళు మార్చే బాధ లేదు.

"అన్నీ అవే జేసుకుంటే, నువ్వేం జేస్తావు?"

"చూస్తాను."

"అది మాత్రం శానా బాగా జేస్తావులే." సుప్రియ సూదిని గుడ్డకు గుచ్చి లేచింది. "సరే, నలభై దినాలు. ఆరు చేపలు. నా ఏలు పడకుండా అవి బతికితే గోడ నీది. నా ఏలు పడిందా, గోడ నాది. మాటంటే మాటే."

మాటంటే మాటే అన్నాను. మాటలకేం, ఆ వేళ అవి పుష్కలంగా ఉన్నాయి.

తొట్టి తయారీని ఫోనులో చూసి నేర్చుకున్నాను. ఎరువు తగలని మన్ను వాడాలని అందులో చెప్పారట. నేను రెట్టింపు వేగంతో చూశాను కనుక, మన్ను వినబడింది గానీ ఎరువు తగలకూడదన్నది వినబడలేదు.

ఆదివారం జమ్మలమడుగు దగ్గరున్న మా మామ ఆదినారాయణగారి చేనికి వెళ్ళాను. మా సీమలో విత్తడానికి ముందు గొర్రెల మందను తోలించి, నాలుగు రాత్రులు చేనిలోనే పడుకోబెడతారు. వాటి పెంటా ఉచ్చా పడి నేల బలుస్తుంది. మామ ఆ వారమే మంద కట్టించారు. ఎక్కడి మన్ను శ్రేష్ఠమో నాకు తెలియదా? మంద పడుకున్న నడిమధ్యన ఒక సంచెడు తవ్వుకున్నాను. మామను అడగలేదు. నత్రజని చక్రాన్ని కంఠతా చెప్పే మాస్టారు, మన్ను గురించి ఒక రైతును అడగడమా!

షోయబ్ అంగడిలో నీటిమొక్కలూ, పట్టు కుచ్చుల్లాంటి తోకలున్న ఆరు గప్పీ చేపలూ కొన్నాను. మూడు రోజులు ఇల్లు నందనవనం. నాలుగో రోజు నీళ్ళు టీ రంగుకు తిరిగాయి. ఆరో రోజు డికాషన్. ఎనిమిదో రోజు అడుగునున్న ఇసుక, పెళ్ళిభోజనం చేసిన పెద్దమనిషిలాగా, గుడగుడమని త్రేన్చడం మొదలుపెట్టింది.

ఆ త్రేన్పుకు వాసన కూడా ఉంది. జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన పార్వతమ్మ గడపలోనే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏం సుప్రియా, ఇంట్లో గొర్రెలు గాని కడతాండారా?"

"లేదత్తా. మా ఆయన ఏందో శాస్త్రం జేస్తాండాడు."

నేను నాలుగు ఊదుబత్తులు వెలిగించి తొట్టి పక్కన గుచ్చాను. ఇప్పుడు గొర్రెలకు పూజ చేస్తున్న వాసన వచ్చింది.

తొమ్మిదో రోజు ఉదయం లేచి చూస్తే చేపలు ఐదే ఉన్నాయి. ఆరోది చచ్చి ఆకుల కింద పడి ఉంటుందనుకున్నాను. చెయ్యి పెట్టి వెతకడానికి ధైర్యం చాలక, సాయంత్రం బడి నుంచి వస్తూ షోయబ్ దగ్గర అచ్చం అలాంటిదే ఒకటి కొన్నాను. దానిని ఇంటికి చేర్చే మార్గం అన్నం క్యారియర్ ఒక్కటే. రెండు రోజులకు ఇంకొకటి మాయం. తరువాత ఒకేసారి మూడు. ఆపై నా క్యారియర్ మధ్యాహ్నం పప్పు మోసింది, సాయంత్రం గప్పీలను మోసింది.

"క్యారియర్ నీసు కొడతాందేందప్పా?" అంది సుప్రియ ఒకనాడు.

"ఈ రోజు చేపల పాఠం చెప్పాను."

"మరి గొర్రె పాఠం చెప్పిన దినం చెప్పు, మసాలా నూరి పెడతా."

అబద్ధమాడిన నోటితోనే ఆమె వడ్డించిన అన్నం తిన్నాను. సిగ్గు గొంతులో అడ్డం పడింది గానీ, మజ్జిగ పోస్తే దిగిపోయింది.

నలభయ్యో రోజు తీర్పు చెప్పడానికి సుప్రియ తన నాయననే పిలిపించింది. మామ పంచె సర్దుకుని తొట్టి ముందు కూర్చున్నారు. ఆ గోధుమరంగు నీళ్ళలో, మబ్బులో చుక్కల్లాగా ఆరు తోకలు కదులుతున్నాయి.

"లెక్కపెట్టుకోండి మామా. ఆరుకు ఆరు!"

మామ లెక్కపెట్టలేదు. వేలు ముంచి వాసన చూశారు. "ఈ మన్ను యాడిదప్పా?"

"మన చేనిదే మామా."

"చేన్లో యాడ?"

"నడిమధ్యన."

"మంద కట్టిన కాడా?" మామ కండువాతో వేలు తుడుచుకున్నారు. "మంద మన్ను ఉడుకుతాంటాదప్పా. ఒక వాన పడి సల్లారిందాక మేమే ఇత్తనం ఎయ్యం. దాంట్లో పానమున్న చేపలను ఏస్తివా?"

చెవులు వేడెక్కాయి. అయినా పందెం పందెమే కదా. "వేశాను గానీ, బతికాయి కదా మామా!"

"ఔ నాయనా, బతికినాయి," అంది సుప్రియ ఎంతో శాంతంగా. "పెరట్లేకి రాండి, మిగతావి కూడా సూద్దురు."

పెరటిలోకి నేను సాధారణంగా వెళ్ళను. బట్టలుతికే చోటికి వెళితే ఉతకవలసిన బట్టలు కనిపిస్తాయి. అక్కడ నాపరాతి తొట్టి ఉంది. దానిలో అద్దం లాంటి నీళ్ళు ఉన్నాయి. ఆ నీళ్ళలో పట్టు కుచ్చుల తోకలు ఆడించుకుంటూ పద్దెనిమిది గప్పీలు తిరుగుతున్నాయి.

"తెల్లారి నువ్వు లెయ్యకముందు అవి పైకొచ్చి నోర్లు తెరుసుకోని ఉంటాండె," అంది సుప్రియ నా వైపు తిరిగి. "సూడలేక, మరీ పానం మీదికొచ్చినదాన్ని చెంబుతో ముంచుకొచ్చి ఈడ ఇడుస్తాంటి. అన్నీ ఒకేసారి తీస్తే నీకు తెలుస్తాదని కొన్ని కొన్నే తీస్తి. సాయంత్రానికి ఆడ మల్లా ఆరు! నాయనా, మీ అల్లునిది మామూలు తొట్టి కాదు. పొద్దున తగ్గితే మాపటికి నిండుతాది."

మామ నా ముఖం చూశారు. నేను శాస్త్రాన్ని శరణు వేడాను. "పిల్లలు పెట్టి ఉంటాయి మామా. గప్పీలు తొందరగా పెరిగే జాతి."

సూది దారంతో సహా గుమ్మంలోకి వచ్చి నిలబడింది అఫ్సానా. "అన్నీ మగవే కదక్కా! సారే మా ఆయనను అడిగినాడంట, ఆడవి వద్దు షోయబ్ భాయ్, సంసారం పెరిగితే పని పెరుగుతాదని."

తల వంచుకున్నాను. వంచితే తొట్టిలో నీళ్ళు, నీళ్ళలో నా ముఖం, ఆ ముఖం మీదుగా పద్దెనిమిది మగచేపలు నిమ్మళంగా ఈదుతున్నాయి.

"నా ఏలు పడింది," అంది సుప్రియ. "ఒక తూరి కాదు, పద్దెనిమిది చేపలకు పడింది. గోడ నాది."

గాజుతొట్టిని దింపాను. సాయంత్రానికి కిటికీ కింద రెండో మగ్గం వెలిసింది.

"ఆ మన్ను పారెయ్యగాకు, బలమైన మన్ను," అన్నారు మామ. మరునాడు ఆ తడి మన్ను సంచిని ఒళ్ళో పెట్టుకుని, జమ్మలమడుగు బస్సులో ఆయన పక్కన కూర్చున్నాను. చుట్టుపక్కల సీట్లు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. మామ ముక్కు మూసుకోలేదు. ఆ మంచితనమే నన్ను ఎక్కువ కాల్చింది.

చేనిలో, తవ్విన గుంతలోనే సంచి గుమ్మరించాను. మామ పాదంతో మన్ను సర్దుతూ, తల ఎత్తకుండానే అడిగారు.

"చేపల అంగడికి ఎన్ని తూర్లు పోయింటావు?"

"పది తూర్లు మామా."

"పది తూర్లు ఆడికి పోయేటోనివి, ఒక్క తూరి నన్నడిగింటే?"

"అడగడానికి సిగ్గయింది మామా."

ఆయన ఖాళీ సంచిని దులిపి, మడిచి, నా చేతికిచ్చారు.

"ఇప్పుడెట్లుందప్పా?"