దొరకని ఎక్స్‌రే డాక్టరే ధన్వంతరి

బీమా కార్డు తీసుకునే ఎక్స్‌రే డాక్టరు ఎంత వెతికినా దొరకడం లేదని కొందరు గోల పెడుతున్నారు. దొరక్కపోవడమే మేలని నేనంటున్నాను! కోపం తెచ్చుకోకండి. పూర్తిగా చదివి, అప్పుడు తెచ్చుకోండి.

నేను ఊరికే అనే మనిషిని కాను. ఆదిలాబాద్ జిల్లాలో, రైలుకట్ట పక్కన ఉన్న మా ఊళ్ళో ఒక నూలు మిల్లు ఉంది. అక్కడి కూలీలకు వచ్చే ఇంగ్లీషు కాగితాలు చదివిపెట్టేది నేనే. సర్కారు వారు బీమా కార్డులు పంచిన రోజున, "ఇది చూపిస్తే డాక్టరు, మందు, ఎక్స్‌రే అన్నీ ఉచితం" అని చదివి వినిపించిందీ నేనే. ఆనాడు నాకు దండం పెట్టినవాళ్ళు ఈనాడు నన్ను చూసి సందు మారుతున్నారు.

ఆ కార్డు అందుకున్నవారిలో అంతయ్య ఒకడు. మిల్లులో దూది దులిపే గదిలో పన్నెండేళ్ళుగా పనిచేస్తున్నాడు. ఆ గదిలో ఎదుటి మనిషి మొహం కనిపించదు, దగ్గును బట్టి ఎవరో పోల్చుకుంటారు. పోయిన ఎండాకాలానికి అంతయ్య దగ్గు మిల్లు సైరన్‌తో పోటీకి వచ్చింది. మేనేజరుగారు పిలిచి, "నీది క్షయేమో. ఛాతీ ఎక్స్‌రే తీయించుకుని, ఏమీ లేదని కాగితం తెస్తేనే లోపలికి రా" అన్నారు. కాగితం వచ్చేదాకా పేరు కొట్టెయ్యకూడదని రూలుంది కాబట్టి, పేరును రిజిస్టర్లో ఉంచి మనిషిని గేటు బయట ఉంచారు.

అంతయ్య భార్య కొమురవ్వ చేలల్లో కూలికి పోతుంది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో పొయ్యి వెలిగింది ఆమె కూలి మీదే. కాగితం తెస్తే జీతం ఉంటుంది, తేకపోతే లేదు. బీమా ఆఫీసు వారు మాత్రం ఎంతో దయతో నాలుగు ఊళ్ళ ఎక్స్‌రే డాక్టర్ల జాబితా టైపు కొట్టించి ఇచ్చారు.

ఇక్కడ ఒక ప్రశ్న. ఎక్స్‌రే డాక్టరు మొదటి రోజే దొరికి ఉంటే ఏం జరిగేది? అంతయ్య పొద్దున వెళ్ళి ఫోటో దిగి, సాయంత్రానికి ఇల్లు చేరి, మర్నాటికల్లా దూది గదిలో దగ్గుతూ ఉండేవాడు. అందులో దేశాటన ఉందా? లోకజ్ఞానం ఉందా? పన్నెండేళ్ళుగా ఇంటి గడప, మిల్లు గేటు తప్ప మూడో ద్వారం చూడని మనిషికి నాలుగు ఊళ్ళు చూపించిన పథకాన్ని తిట్టడానికి నోరెలా వస్తుందండీ!

ఆసిఫాబాద్‌లో జాబితాలో ఉన్న ఇల్లు దొరికింది. డాక్టరు దొరకలేదు. ఆ గదిలో కైలాసం అనే టైలరు మిషను కుట్టుకుంటున్నాడు. "డాక్టరు వోయి రెండేండ్లాయె. గని గింత దూరమొచ్చి ఉత్తగెట్ల వోతవు? జర నిలవడు, రొమ్ము కొలత దీస్త" అన్నాడు. తీశాడు కూడా! మామూలుగా ముప్పై ఒక్క అంగుళాలు, దగ్గినప్పుడు ముప్పై రెండు. ఛాతీ పరీక్ష కోసం వెళ్ళినవాడికి ఛాతీ గురించి ఏదో ఒకటి తెలిసిందా లేదా?

నిర్మల్‌లో డాక్టరూ ఉన్నాడు, మిషనూ ఉంది. కార్డు చూడగానే కంపౌండరు కరెంటు లేదన్నాడు. అతని నెత్తిమీద ఫంకా గిరగిరా తిరుగుతోంది.

"మరి ఫంకా తిరుగుతుంది గద?" అన్నాడు అంతయ్య.

"గది ఫంకా కరెంటు. మిషన్ కరెంటు వేరే ఉంటది. కార్డోళ్లకు మిషన్ కరెంటు వచ్చే నెల."

వచ్చే నెల వెళితే ఆ పై నెల అన్నాడు. రెండుసార్లు తిరిగిన అంతయ్యను చూసి, అక్కడ బొమ్మలు చేసే ముసలాయన జాలిపడి, రంగు పెచ్చులూడిన కొయ్య మామిడిపండు ఒకటి చేతిలో పెట్టాడు. కొమురవ్వ దాన్ని కత్తిపీట మీద కోయబోయి కత్తి మొండి చేసుకుంది. "గిది దింటె దగ్గు వోతదంటనా?" అని మొగుణ్ణి అడిగింది.

పెద్దపల్లి డాక్టరు మర్యాదస్తుడు. కార్డు కాదనలేదు. "కార్డు మీద కాళ్ళూ చేతులూ మాత్రమే తీస్తాం. ఛాతీకి పెద్ద ఫిల్ము కావాలి, అది హైదరాబాద్ నుంచి రావాలి" అన్నాడు. రైలు టికెట్టు దండగవుతుందని అంతయ్య ఎడమ చెయ్యి తీయించుకుని వచ్చాడు. ఆ ఫిల్ము పట్టుకుని మిల్లుకు వెళ్ళాడు. మేనేజరుగారు దాన్ని కిటికీ వెలుతురులో చాలాసేపు పరీక్షగా చూసి, "చెయ్యి బాగుంది. ఛాతీ ఏది?" అన్నారు. మిల్లు యాజమాన్యం కార్మికుడి చేతిని అంత శ్రద్ధగా చూడటం మా ఊళ్ళో అదే మొదటిసారి.

ఇలా నాలుగు నెలలు గడిచాయి. ఒకనాడు అంతయ్య మా అరుగు మీద కూర్చుని ఈ సంగతులన్నీ గంటసేపు చెప్పాడు. అతను లేచి వెళ్ళిపోయాక నాకు తట్టింది, ఆ గంటలో ఒక్కసారి కూడా దగ్గలేదు. నడకవల్ల కాబోలనుకున్నాను.

కరీంనగర్‌కు కొమురవ్వతో పాటు నేనూ వెంట వెళ్ళాను. నాలుగో డాక్టరు ఏ సాకు చెబుతాడోనని కుతూహలం. ఆయన కొత్తగా వచ్చిన యువకుడు, లోకం పోకడ ఇంకా తెలియదు. కార్డు చూసి, "రండి, కూర్చోండి" అన్నాడు. అంతయ్య బెదిరిపోయాడు. "తప్పొచ్చినట్టున్నం సారు, పోదాం పాండ్రి" అని నా చెవిలో అన్నాడు.

ఫోటో తీశారు. ఫిల్ము ఆరాక డాక్టరు దాన్ని దీపానికి అడ్డంగా పట్టి, "ఊపిరితిత్తుల్లో ఏమీ కనిపించడం లేదే! అసలు దగ్గు ఎప్పుడెప్పుడు వస్తుంది?" అని అడిగాడు. అంతయ్య నా వైపు చూశాడు, నేను జాబితా వైపు చూశాను. గోడ వారగా నిలబడ్డ కొమురవ్వ అప్పుడు నోరు విప్పింది.

"మిల్లుకు వోతె వస్తది సారు. ఐతారం మిల్లు బందుంటది, దగ్గు గూడ బందుంటది. సోమారం పొద్దుగాల మల్ల మొదలైతది. గిప్పుడు నాలుగు నెలలాయె మిల్లు మొకం జూడక, నాలుగో వారం సంది దగ్గే లేదు. ఈయిన రొమ్ముల ఏముంటది? గా దూది గది ఫోటో దియ్యుండ్రి."

డాక్టరు ఫారం అటూ ఇటూ తిప్పి చూశాడు. "నిజమే కావచ్చమ్మా. కాని ఇందులో ఛాతీ గురించి రాయడానికే జాగా ఉంది. గది గురించి రాసే జాగా లేదు" అన్నాడు. ఏ జబ్బూ లేదని రాసి సంతకం పెట్టాడు.

నాకు సిగ్గేసింది. నాలుగు ఊళ్ళలో మేం వెతికిన జవాబు ఆమెకు మొదటినుంచీ తెలుసు. చదువుకున్నవాణ్ణి, ఇంగ్లీషు కాగితాలన్నీ తిరగేశాను గాని, ఆమెను ఒక్క మాట అడగలేదు.

కాగితం చూసి మేనేజరుగారు సంతోషించి అంతయ్యను పనిలోకి తీసుకున్నారు. ఆ సోమవారమే దగ్గు కూడా పాత సర్వీసు పోకుండా డ్యూటీలో చేరింది. నెల తిరిగేసరికి మేనేజరుగారు మళ్ళీ పిలిచి, మళ్ళీ గేటు బయట ఉంచి, ఫోటో తెమ్మన్నారు.

ఇప్పుడు చెప్పండి, పాఠక మహాశయులారా! అంతయ్యకు వైద్యం చేసింది ఎవరు? ఛాతీ ఫోటో తియ్యని ఆ ముగ్గురా, కూర్చోమన్న ఆ ఒక్కడా? ఆ ముగ్గురి పుణ్యాన నాలుగు నెలలు ఊపిరి పీల్చుకున్నాడు. అందుకే సర్కారు వారికి నా మనవి, దయచేసి ఎక్స్‌రే డాక్టర్లను పెంచకండి. ఉన్న ఒక్కడికీ కాస్త లోకజ్ఞానం నేర్పండి.

నిన్న సాయంత్రం కొమురవ్వ ఆ పాత జాబితా పట్టుకుని మా ఇంటికి వచ్చింది. కరీంనగర్ పేరు మీద బొగ్గుతో గీత కొట్టి ఉంది.

"సారు, కార్డు తీసుకోని డాక్టర్లు ఇంకెవలన్న ఉంటె జర రాసియ్యుండ్రి. దూరమున్నోళ్లయితె మంచిది."

"మరి ఇల్లు గడవాలి కదమ్మా?" అన్నాను.

"నా కూలి నడుస్తనే ఉన్నది. ఆయిన పేరు మిల్లుల ఉంటె సాలు, పానం ఇంట్ల ఉంటది."

నేను కాగితం, కలం తీసుకున్నాను. అన్నిటికంటే పైన ఆసిఫాబాద్ టైలరు కైలాసం పేరు రాశాను.