పదహారూ తొమ్మిదీ ఇరవై అయిదు

గోపాల్‌పేట మండల రైతులకు శుభవార్త. మా ఊరి కాలువ తూమును దేశంలో ఇంతవరకు ఎవరూ తెరవనంత గణితబద్ధంగా తెరవాలని తూము సాధన సమితి చైర్మన్ లింగయ్య గారు నిర్ణయించారు. జూలై పదిన ప్రెస్‌మీట్ పెట్టి మరీ ఈ విషయం ప్రకటించారు. ప్రెస్ అంటే నేనొక్కడినే. మిగతా కుర్చీల్లో ఆయన అనుచరులు పెన్నులు పట్టుకుని కూర్చున్నారు.

తూము కట్టడం అప్పటికే పూర్తయింది. కాలువకు నీళ్ళు కూడా వచ్చి గేటు దగ్గర ఆగి ఉన్నాయి. గేటు ఎత్తితే కింది పొలాలకు పారడమే తరువాయి. అయితే గేటు తిప్పే ఇనుప హ్యాండిల్ లింగయ్య గారి దేవుడి గదిలో పసుపు కుంకుమలతో పూజలందుకుంటోంది. ప్రారంభోత్సవం కాకముందే ఎవరో ఒక రైతు తొందరపడతాడని ఆయన ముందే ఊహించారు. నాయకుడికి ఉండాల్సిన ముందుచూపు అదే.

తేదీ పెట్టే బాధ్యత గద్వాల నుంచి వచ్చిన విజయ్ గురూజీకి అప్పగించారు. గురూజీకి ఫ్యాన్సీ ఫోన్ నంబర్లు అమ్మిన విశేషానుభవం ఉంది.

"మొదట జూలై ఇరవై నాలుగు అనుకున్నాను. ఇరవై నాలుగు వర్గం, ఏడు వర్గం కలిపితే ఇరవై అయిదు వర్గం. సంవత్సరం కూడా ఇరవై అయిదే. అద్భుతం. కానీ సంవత్సరాన్ని రెండు వేల ఇరవై అయిదుగా పూర్తిగా రాసి, ఒక్క అంకె మిగిలేదాకా కూడితే నాలుగు వస్తుంది. నాలుగు రాహువు. చైర్మన్ గారికి పడదు" అన్నారు గురూజీ.

"నాకు రాహువు ఎన్నడు పడలే" అన్నారు లింగయ్య గారు.

"అందుకే సెప్టెంబర్ పదహారు. పదహారూ తొమ్మిదీ కూడితే ఇరవై అయిదు. మూడూ వర్గ సంఖ్యలే. సంవత్సరాన్ని పూర్తిగా రాసి తేదీలోని అంకెలన్నీ విడివిడిగా కూడినా ఇరవై అయిదే. చైర్మన్ గారు జెడ్పీటీసీ కాకుండా ఆపడం ఎవరి తరమూ కాదు."

అనుచరులు చప్పట్లు కొట్టారు. అంతలో వెనక నుంచి రేణుకమ్మ లేచింది. తూము కింద ఎకరన్నర కౌలుకు తీసుకుని వరి నారు పోసిన మనిషి.

"సారూ, నారు ఎదిగింది. ఇంక రెండు నెలలు ఆగితె ముదిరిపోతది, నాటుకు పనికిరాదు. గేటు జర ఇప్పుడే ఇప్పియ్యిండ్రి."

"నారు పోసి ఎన్నాళ్ళయిందమ్మా?" అని గురూజీ ఆప్యాయంగా అడిగారు.

"ఇయ్యాల్టికి ఇరవై అయిదు దినాలు."

గురూజీ కళ్ళు మెరిశాయి. "చూశారా చైర్మన్ గారూ? ఇరవై అయిదు. మొక్కకు కూడా తెలుసు."

రేణుకమ్మ మళ్ళీ ఏదో అనబోయింది కానీ సమావేశం ముగిసింది. మర్నాడు ఆ నారుమడి మా పేజీలో శుభసూచకంగా అచ్చయింది. రాసింది నేనే.

తర్వాతి వారం రిహార్సల్స్ మొదలయ్యాయి. గేటుకు ఒక పక్క పదహారు మంది పిల్లలు, రెండో పక్క తొమ్మిది మంది నిలబడాలి. ఆ ఏర్పాటు చూడమని స్కూల్లో లెక్కలు చెప్పే శ్రీవాణి మేడమ్‌ను పిలిపించారు. ఆమె పిల్లలను నిలబెట్టి, ఒక్క సందేహం అడిగారు.

"సార్, రేపు పద్దెనిమిదో తారీఖు, ఏడో నెల. కూడితే ఇరవై అయిదే గద. ప్రతి నెలల గిట్ల ఒక దినం వస్తనే ఉంటది. జనవరిల ఇరవై నాలుగు, ఫిబ్రవరిల ఇరవై మూడు. రేపే తెరిస్తే రేణుకమ్మ నారన్న దక్కుతది."

గురూజీ జాలిగా నవ్వారు. "కూడితే చాలదమ్మా. పద్దెనిమిది వర్గ సంఖ్య కాదు."

"వర్గ సంఖ్య అయితే నీళ్ళు ఎక్కువ పారుతయా సార్?"

అందరూ లింగయ్య గారి వంక చూశారు. ఆయన పెద్ద మనసుతో తల ఊపారు. "మేడమ్‌కు లెక్కలు మంచిగ వస్తయి. ఆ దినం కౌంట్‌డౌన్ మేడమే చదువుతది."

రేణుకమ్మ ఇంకొన్నాళ్ళు ఎదురుచూసింది. ఆగస్టు వచ్చేసరికి నారు ముదిరి గడ్డిలా అయింది. ఒకరోజు నేను అటు వెళ్తుంటే, ఆమె గట్టు మీద కూర్చుని నారుమడిలో మేకలను మేపుతోంది. నాకు చాలా బాధ వేసింది. ఆ వారం నా కాలమ్ మొత్తం చైర్మన్ గారి పుట్టినరోజు శుభాకాంక్షలకే సరిపోయింది.

ఈ లోపల ఒక చిన్న సాంకేతిక సమస్య వచ్చింది. కాలువకు నీళ్ళు వంతులవారీగా వదులుతారు. మా వంతు సెప్టెంబర్ పద్నాలుగుతో అయిపోతుందని ఇంజినీరు వచ్చి చెప్పాడు. ప్రారంభోత్సవం రెండు రోజులు ముందే పెట్టమని బతిమాలాడు.

"నీళ్ళదేముంది, ఏటా వస్తయి. గీ తేదీ పోతే మళ్ళ వస్తదా?" అన్నారు లింగయ్య గారు. ఇంజినీరు ఆ తేదీని డైరీలో రాసుకుని వెళ్ళిపోయాడు.

సెప్టెంబర్ పదహారు రానే వచ్చింది. కాలువ ఎండి, అడుగున బురద పగుళ్ళిచ్చింది. మంగళవారం కదా అని ఒక పెద్దాయన గొణిగితే, గణితానికి వారాల పట్టింపు లేదని గురూజీ సర్ది చెప్పారు. ముహూర్తం పదహారు గంటల తొమ్మిది నిమిషాల ఇరవై అయిదు సెకన్లు. చైర్మన్ గారి ఫోనుకూ గురూజీ వాచీకీ నాలుగు సెకన్ల తేడా వచ్చింది. ఇద్దరి పరువూ దక్కేలా మధ్యలో రెండు సెకన్ల దగ్గర రాజీ కుదిరింది. హారతి పళ్ళెం రేణుకమ్మ చేతికిచ్చారు. ఫ్లెక్సీలో 'రైతు కళ్ళల్లో ఆనందం' అని ముందే వేయించారు కాబట్టి ఒక రైతు అవసరమైంది.

శ్రీవాణి మేడమ్ మైకులో అంకెలు చదివారు. లింగయ్య గారు హ్యాండిల్ తిప్పారు. గేటు లేచింది. నీళ్ళు వచ్చాయి.

అవును, వచ్చాయి. గేటుకు అవతల పచ్చ పరదా వెనక నిలబెట్టిన ట్యాంకర్ నుంచి జలజలా వచ్చాయి. లింగయ్య గారు పూలు చల్లారు. ఆ పూలతో సహా నీళ్ళు రేణుకమ్మ చేని గట్టు దాకా పారి, అక్కడే ఇంకిపోయాయి. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

అప్పుడు ట్యాంకర్ డ్రైవర్ సాంసన్ పరదా పక్కకు జరిపి వచ్చాడు.

"సారూ, వీడియోకు సాలకుంటె ఇంకో ట్యాంకర్ తెస్త. మీ బాయి నిండుగనే ఉంది."

"బాయి ఎట్ల నిండె?" అని అడిగింది రేణుకమ్మ.

"సారు కాలువల మోటరేసిండు గదక్కా. నేనే పైపులు దించిన. సారు నాట్లు గప్పుడే అయిపాయె, ఇప్పుడు వరి పొట్టకొచ్చింది."

"ఎప్పుడేసిండ్రు?"

"జూలై పదకొండు నాడు. ప్రెస్‌మీట్ అయిన తెల్లారి."

మేడమ్ మైకు ఆపలేదు. అందరికీ వినిపించింది. లింగయ్య గారు అలవాటు ప్రకారం గురూజీ వైపు చూశారు. గురూజీ కూడా అలవాటు ప్రకారం వేళ్ళ మీద లెక్క వేశారు. పదకొండు, ఏడు, ఇరవై అయిదు. కూడారు, గుణించారు, వర్గాలు చేశారు. పెదవి విరిచారు.

"లాభం లేదు. ఈ తేదీలో ఏ విశేషమూ లేదు. ఉత్త తేదీ."

రేణుకమ్మ ఆరిపోయిన హారతి పళ్ళెం గేటు పక్కన పెట్టింది.

"సారూ, గసొంటి ఉత్త తేదీ ఒకటి మాకు ఇయ్యకపోతిరి" అంది.