టీచరుగారి గులాబీ బాత్‌రూమ్

ఆ శనివారం బడికి సెలవు. మధ్యాహ్నం భోజనాల వేళకి బాత్‌రూమ్ పని ముగించి, సాయంత్రం అందులోనే తీరిగ్గా తలస్నానం చేయాలని లెక్కల టీచరు పొద్దున లేస్తూనే నిశ్చయించుకుంది. తరగతి గదిలో ఆమె లెక్క ఎప్పుడూ తప్పలేదు. ఇంట్లో ఎప్పుడూ కుదరలేదు.

ఆ మేడమీద వాటాలో ఉన్నదే ఒక్క బాత్‌రూమ్. ఒక మనిషీ ఒక బకెట్టూ పడితే తలుపు మూసుకోవడం కష్టం. గోడ నిండా మేకులు. ఒక మేకుకి మామగారి తువ్వాలు, ఇంకో మేకుకి ఆయన పాత ఖాకీ ప్యాంటు, కిటికీలో భర్తగారి రేజరు, సబ్బు మీద ఆయన వెంట్రుకలు. కాపురానికి వచ్చిన నాటి నుంచీ టీచరు తన సబ్బుపెట్టె చేత్తో పట్టుకెళ్లి, మళ్లీ చేత్తోనే పట్టుకొచ్చుకుంటోంది, రైల్లో ప్రయాణం చేస్తున్నట్టు. ఈ ఇంట్లో తనకంటూ చూడముచ్చటగా ఒక్క మూలైనా ఉండాలని ఆమె కోరిక. మూలలన్నిటిలోకీ చిన్నది ఇదే కాబట్టి దీన్నే ఎంచుకుంది.

"చేసుకుంటే చేసుకో, కొత్తగా మాత్రం ఏమీ కొనకు" అన్నాడు భర్త. "ఈ నెల అద్దె కాగితం తిరగరాయాలి. ఓనరుగారు ఇప్పటికే ఎవరో వస్తామంటున్నారని చెవిలో వేశారు. ఆయనకి ఏ చిన్న సాకు దొరికినా మనం సామాను సర్దుకోవాల్సిందే."

కొనాల్సిన పని లేకుండానే టీచరు అన్నీ సమకూర్చుకుంది. బడిలో చిన్నపిల్లల గదికి వేయగా మిగిలిన గులాబీ రంగు ఉంది. పుట్టింటివాళ్లిచ్చిన లేసు దుప్పటిని కోసి కర్టెన్లు కుట్టింది. వీధి చివర బ్యూటీ పార్లర్ ఆవిడ దుకాణం ఎత్తేసి కూతురి దగ్గరికి వెళ్లిపోతూ సామాను అయినకాడికి ఇచ్చేస్తుంటే, చుట్టూ బల్బులున్న అద్దం, గాజు గిన్నెలు, గులాబీ రంగు రబ్బరు చాప తెచ్చుకుంది. "ఇంట్లో మగవాళ్లకి బుద్ధి రావాలి, అది కూడా ఇవ్వండి" అని 'ఆడవారికి మాత్రమే' అన్న రేకు బోర్డు అడిగి పుచ్చుకుంది. అడగకపోయినా వెనక్కి వాలే కుర్చీ ఒకటి ఆవిడే అంటగట్టింది, లారీలో పట్టడం లేదని.

పని మొదలయ్యేసరికి భర్త ఒక చెంప గీసుకుని రెండో చెంపకి నురగ పట్టించుకుంటున్నాడు.

"ఏమండీ, కాస్త జరగండి, ఆ పాత అద్దం తీసేయాలి."

"ఇంకో చెంప ఉందే!"

"అది మధ్యాహ్నం గీసుకుందురుగాని. రంగు ఆరాలా వద్దా?"

"సగం గడ్డంతో షాపుకెలా వెళ్లను? నలుగురూ చూస్తారు!"

"చెప్పుల షాపులో మీ మొహం ఎవరు చూస్తారండీ, అందరూ కిందకే చూస్తారు."

ఆయన పన్నునొప్పి వచ్చినవాడిలా చెంప మీద చెయ్యి పెట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

టీచరు మేకులన్నీ పీకేసింది. మేకుల బొక్కలు పూడ్చడానికి పుట్టీ కొనడమెందుకని, బడి నుంచి తెచ్చిన సుద్దముక్కలు మెత్తగా దంచి, మైదా జిగురులో కలిపి, కాస్త గులాబీ రంగు సుద్దపొడి చల్లింది. పార్లర్ గాజు గిన్నెలో అది మీగడలా మెరుస్తూ కూర్చుంది.

సామాను పైకి చేరవేసే పని మామగారిది. ఆయన రిటైరైన బస్సు కండక్టరు. రిటైరైన నాటి నుంచీ ఆయనకి ఈల వేయడానికి బస్సు లేదు, అరవడానికి జనం లేరు. కుర్చీ ఇంట్లో పట్టకపోవడంతో మెట్ల పైన వరండాలో వేశాడు. రేకు బోర్డు చేతిలో మిగిలింది.

"అమ్మాయ్, బాత్‌రూమ్ తలుపు పచ్చిగా ఉంది. ఈ బోర్డేం చెయ్యను?"

"ఎక్కడో ఓచోట తగిలించండి మావయ్యగారూ, గీతలు పడకుండా" అంది టీచరు, స్టూలెక్కి పైకప్పుకి రంగు వేస్తూ.

గీతలు పడని చోటు కోసం ఆయన ఇల్లంతా వెతికి, చివరికి వీధి గేటుకి తగిలించి, చక్కగా కుదిరిందని మురిసిపోయి పైకొచ్చేశాడు.

వీధి చివర మూసేసిన పార్లర్ ముందు ఆగిన ఆడవాళ్లకి పక్క కొట్టు టైలరు తనకి తెలిసిన నిజం తను చెప్పాడు. "సామానంతా ఆ గేటు మేడమీదకి ఎక్కిందండీ. కుర్చీతో సహా నా కళ్లతో చూశాను." వాళ్లు గేటు దాకా వచ్చి బోర్డు చదివారు. ఇక అనుమానం ఎందుకుంటుంది?

మొదట వచ్చింది పోస్టాఫీసులో పనిచేసే అమ్మాయి. మర్నాడు ఆమెకి ఫోటో దిగే పనుంది.

"ఇదేనాండీ?" అంది, కుర్చీ వంక చూసి.

కోడలు చేసే పని చూడ్డానికి వచ్చిన స్నేహితురాలు కాబోలనుకున్నాడు మామగారు. "ఇదేనమ్మా. అమ్మాయి లోపల పనిలో ఉంది. కూర్చో."

"చాలాసేపు పడుతుందా?"

"మొదటి కోటు అయింది. ఆరాక రెండో కోటు వెయ్యాలి."

"ఓ! పెళ్లికూతురా?"

"పెళ్లికూతురా నా తలకాయా! బాగా పాతదమ్మా. ఒళ్లంతా బొక్కలు. ముందు అవన్నీ పూడ్చి, గరుకు కాగితంతో బరబరా రుద్దింది."

"గరుకు కాగితంతోనా!"

"మరి ఊరికే నునుపొస్తుందా? నీళ్లు పడి పడి ఎంత పాడైపోయిందో! ఇప్పుడు చూస్తే నువ్వే ఆనవాలు పట్టలేవు."

పోస్టాఫీసు అమ్మాయి తన చెంప ఒకసారి తడుముకుంది. లేచి వెళ్లిపోదామా అనుకుంది గాని, ఆనవాలు పట్టలేనంత మార్పు అనేసరికి కూర్చుండిపోయింది.

ఆ తర్వాత ఒక నర్సు వచ్చింది. ఆమె వెనక అక్కాచెల్లెళ్లిద్దరు, వాళ్ల వెనక పళ్లకొట్టు ఆవిడ, ఆవిడతో మాట్లాడుతూ ఇంకెవరో. మెట్లు నిండిపోయాయి. ఒక్క బాత్‌రూమ్ చూడ్డానికి ఇంతమందా అని మామగారికి ఛాతీ పొంగింది. పాత ప్రాణం లేచొచ్చింది.

"కుడిపక్కన కూర్చోండి, కుడిపక్కన! దిగేవాళ్లకి దారొదలండి! లోపల ఇద్దరి కంటే పట్టరు. అమ్మా పసుపు బ్యాగు, మీరు ఆవిడ తర్వాత! ముందుకు జరగాలి, ముందుకు జరగాలి!"

ఆ అరుపులకి టీచరు బయటికొచ్చింది. తలకి గుడ్డ, చేతిలో బ్రష్షు, నుదుటి మీదా చెంపల మీదా గులాబీ రంగు.

వరండా అంతా ఒక్కసారి ఆమె మొహం వంక చూసింది.

"ముందు తను వేసుకుని చూపిస్తోంది చూశావా? నిజాయితీ అంటే అదీ" అంది నర్సు, పక్కామెతో. "నాకూ అదే వెయ్యండమ్మా."

"ఏది?"

"ఆ గులాబీ రంగుదే."

"ఇది గోడకండీ!"

"మా మొహాలు గోడల్లా ఉన్నాయనేనా మీ ఉద్దేశం?" అని పళ్లకొట్టు ఆవిడ నొచ్చుకుంది.

టీచరుకి విషయం అప్పటికి అర్థమైంది. "అయ్యో, ఇక్కడ పార్లర్ లేదండీ. నేను లెక్కల టీచర్ని. ఇది మా బాత్‌రూమ్!"

"మొదట్లో అందరూ ఇంట్లోనే మొదలుపెడతారు, సిగ్గెందుకు?" అంది అక్కాచెల్లెళ్లలో అక్క.

"ఉద్యోగం పోతుందని భయపడుతోందే పాపం. మేం ఎవరికీ చెప్పంలెండి" అంది చెల్లెలు.

టీచరు ఎంత కాదంటే వాళ్లకి అంత నమ్మకం కుదిరింది. ఇంత బతిమాలించుకుంటోందంటే చేతిలో పనితనం గట్టిదే అయ్యుంటుందన్నారు.

ఈ గొడవ ముందు వరండాలో జరుగుతుండగా, పెరటి మెట్ల మీంచి ఇంటి ఓనరమ్మ చప్పుడు కాకుండా పైకొచ్చింది. కింది వాటాలో ఉండే ఈవిడకి టైలరు మాట గాలిలో చేరింది. పార్లర్ అంటే ఓనరుగారు ఇంతెత్తున లేస్తారు. ఆయన కునుకు తీస్తున్నారు కదా అని ధైర్యం చేసింది. వంటింట్లోంచి లోపలికి వచ్చి చూస్తే గులాబీ రంగు గోడలు, లేసు కర్టెను, వెలుగుతున్న బల్బుల మధ్య అద్దం, దాని ముందు గాజు గిన్నెలో మీగడ. మనిషెవరూ లేరు. మనిషితో పనేముంది? మిగిలిన లేసు ముక్క జుట్టుకి చుట్టుకుని, స్టూలు మీద కూర్చుని, గిన్నె ఖాళీ అయ్యేదాకా మొహానికి పట్టించింది. ఏళ్ల తరబడి దాచుకున్న సరదా అది. కాస్త మందంగానే పట్టించింది.

సరిగ్గా అప్పుడే టీచరు భర్త మిగిలిన చెంప గీసుకుందామని భోజనానికి వచ్చాడు. తన ఇంటి మెట్ల మీద తనకే దారి దొరకలేదు.

"ఓ సగం గడ్డం! వరసలో రావాలి!" అన్నాడు మామగారు అలవాటు కొద్దీ. తర్వాత పోల్చుకున్నాడు. "నువ్వట్రా? అయినా సరే, వెనక నిలబడు."

"మగాళ్లకి కూడా చేస్తున్నారు, కానీ సగమే చేసి పంపుతున్నారు" అంది పోస్టాఫీసు అమ్మాయి దిగులుగా.

భర్త నోరు తెరిచేలోపు వెనక నుంచి ఓనరుగారి గొంతు వినిపించింది. ఈ సందడికి ఆయన నిద్ర చెడింది. కోర్టులో గుమాస్తాగా పనిచేసి రిటైరైన మనిషి. పలకరింపు కూడా వాదనలాగే ఉంటుంది.

"ఏమిటండీ ఇది? కాపురానికని ఇల్లు తీసుకుని వ్యాపారం పెడతారా? గేటుకి బోర్డా? మెట్ల నిండా కక్షిదారులా?"

"నాకేం తెలీదండీ" అన్నాడు భర్త, రెండు చెంపలూ చూపిస్తూ. "ఈ ఇంట్లో నాకు పూర్తి గడ్డం గీసుకునే హక్కు కూడా లేదు."

"అంకుల్, అది పార్లర్ కాదు, బాత్‌రూమ్ అండీ" అంది టీచరు.

"నా కళ్లతో చూడాలి. సాక్ష్యం కావాలి. ఇవాళే ఖాళీ నోటీసు!" అంటూ ఆయన వరసని చీల్చుకుని లోపలికి నడిచారు. టీచరు ఆయన వెంట పరిగెత్తింది. బడికి దగ్గరగా ఇలాంటి ఇల్లు మళ్లీ దొరకదు. ఆమె వెనకే వరండా మొత్తం కదిలింది.

బాత్‌రూమ్ తలుపు తోయగానే బల్బుల వెలుగులో లేసు తలపాగాతో గులాబీ రంగు విగ్రహం ఒకటి కనిపించింది. కళ్లు మాత్రం కదులుతున్నాయి. సుద్దా మైదా కలిసి మొహం పెంకులా బిగుసుకుపోయింది. పెదవి విడదీసే వీలు లేదు.

టీచరు ఆ చేతి గాజులు గుర్తుపట్టింది. "అంకుల్, ఒక్క నిమిషం, ఆవిడ..."

"మీరుండండి! వినేవాళ్లు దొరికారు, నేను చెప్పాల్సింది చెబుతాను." ఓనరుగారు గొంతు సవరించుకున్నారు. "అమ్మా, మీరెవరో నాకు తెలీదు. పెద్దింటి మనిషిలా ఉన్నారు. మీకెందుకమ్మా ఈ పూతలు? మా ఆవిడ్ని చూసి నేర్చుకోవాలి. ఇలాంటి చోట గుమ్మం తొక్కదు."

విగ్రహం చేతులూపింది. ఒప్పుకుంటోందనుకుని ఆయన ఇంకాస్త ఉత్సాహపడ్డారు.

"కింద మా బాత్‌రూమ్‌కి రంగు వేయించమని ఆవిడా అడుగుతుంది, పెళ్లయిన కొత్తల్నించీ అడుగుతూనే ఉంది. నేను లేదంటానా? అనను. అదీ తెలివంటే! పైవాళ్లు అద్దె సరిగ్గా ఇవ్వడం లేదే, ఏం చెయ్యమంటావు అంటాను. ఇస్తారు, పాపం ఒకటో తారీకుకే తెచ్చిస్తారు. కానీ మా ఆవిడకి తెలీదుగా! పిచ్చిది, నమ్మేసి వీళ్లనే తిట్టుకుంటుంది. ఇంట్లో గొడవ లేదు, నాకు ఖర్చు లేదు."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. విగ్రహం గడ్డం కింద చిన్న గీత పడింది. అది చెంప మీదుగా పాకి ముక్కు దాకా వెళ్లింది. ఒక పెంకు టప్పున ఊడి రబ్బరు చాప మీద పడింది.

"ఒకటో తారీకుకే తెచ్చిస్తారా?" అంది విగ్రహం.

ఆ గొంతు విన్నాక ఓనరుగారికి ఇంకే సాక్ష్యమూ అవసరం లేకపోయింది. ఆయన గోడకి ఆనుకున్నారు. గోడ ఇంకా పచ్చిగానే ఉంది.

"పిన్నిగారూ, కంగారు పడకండి, అది సుద్దా మైదాయే" అంటూ టీచరు గోరువెచ్చటి నీళ్లు తెచ్చి మొహం కడిగింది. పెంకులన్నీ రాలాక ఓనరమ్మ అద్దంలో తన చెంపలు అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తర్వాత గోడలు చూసింది, లేసు కర్టెను చూసింది, చివరగా భర్త వంక చూసింది.

"అమ్మాయ్, ఇన్నాళ్లూ నువ్వు పలకరిస్తే మొహం తిప్పుకున్నాను. ఏమీ అనుకోకు. ఈ రంగు ఇంకా మిగిలిందా?"

"సగం డబ్బా ఉందండీ."

"రేపు మా బాత్‌రూమ్ మొదలుపెట్టు. అచ్చం ఇలాగే ఉండాలి. అద్దానికి బల్బులు కూడా. ఏమండీ, అద్దె కాగితం సాయంత్రమే రాసిచ్చెయ్యండి. పాత అద్దెకే. ఎవరో వస్తామంటున్నారని చెప్పారుగా, వాళ్లు కూడా ఇలాంటివాళ్లేనా, ఉత్తుత్తివాళ్లు?"

వీపంతా గులాబీ రంగుతో నిలబడిన ఓనరుగారు తల ఏ వైపు ఊపాలో తేల్చుకోలేక రెండు వైపులా ఊపారు. మెట్ల మీద చప్పట్లు మోగాయి. నర్సు సుద్దపొడి పాళ్లు అడిగి తెలుసుకుంది. మామగారు అందరినీ వరసగా కిందికి దింపాడు, ఒకరి కాలు ఒకరు తొక్కుకోకుండా. భర్త ఎవరూ చూడకుండా లోపలికి దూరి, బల్బుల అద్దం ముందు రెండో చెంప గీసుకుని, జన్మలో ఇంత చక్కగా గడ్డం గీసుకోలేదని ఒప్పుకున్నాడు.

మర్నాడు కింద రంగు పని మొదలైంది. ఆ తేమ ఇంట్లో రంగు ఆరడానికి చాలా రోజులు పట్టింది. అన్నాళ్లూ ఓనరుగారు తువ్వాలు భుజాన వేసుకుని పొద్దున్నే మేడమీదికి వచ్చేవారు. ఆయన కూనిరాగం తీస్తూ ఆ గులాబీ బాత్‌రూమ్‌లోంచి బయటికొచ్చేసరికి టీచరు బడిలో రోజూ మొదటి గంట మోగిపోయేది.