ఎండకి ఎన్ని గుడ్లు?

"ఈ ద్వీపాల్లో నా కళ్ళు కప్పి తప్పించుకోగల నేరస్థుడు ఇంకా పుట్టలేదు. పుట్టినా బాప్తిస్మం నాటికే నాకు దొరికిపోతాడు!"

గురువారం పొద్దున్నే కాఫీ కప్పు బల్లమీద ఠంగున పెట్టి మోహెంగ్ చేసిన ప్రకటన ఇది. పూర్తి పేరు ఎర్మోహెనెస్ దిమాకులాంగన్. ముప్ఫై ఒక్క ఏళ్ళు పోస్టాఫీసులో ఉత్తరాల మీద ముద్రలు కొట్టి, పదవీ విరమణ చేసిన నాలుగో నెలలో గేటుకి 'మహా పరిశోధకుడు' అని బోర్డు తగిలించుకున్నాడు. ఇప్పటివరకు చేపట్టిన కేసులు రెండు. మొదటిది తప్పిపోయిన కళ్ళజోడు. అది అతని నెత్తిమీదే దొరికింది. రెండోది ఇంకా దర్యాప్తులో ఉంది.

"నీ చెప్పు ఎత్తుకెళ్ళిన కుక్క కూడా పుట్టలేదట్రా?" అంది తల్లి, ఊరందరికీ 'లోలా', అంటే అవ్వ, అయిన లోలా సేపా.

"కుక్కకి నేరం చేసే ఉద్దేశం ఉండదు నానయ్. అది నా పరిధిలోకి రాదు."

"నీ పరిధి ఎంతో నాకు తెలుసులే. ముందు గుడ్ల సంగతి తేల్చు."

గుడ్ల సంగతి ఇదీ. శనివారం లోలా సేపాకి ఎనభై నిండుతాయి. ఆవిడ పుట్టింది ఆగస్టులో, వరదలో, ఇంటి కప్పు మీద. ఆ తర్వాత ఏ పుట్టినరోజుకీ గడప దాటి వెళ్ళింది లేదు. ఎప్పుడూ వానే. ఈసారి మాత్రం కాళ్ళు సముద్రంలో పెట్టి కూర్చుంటానంది. శనివారం బంధువులంతా రెండు జీప్నీల్లో లైయా తీరానికి వెళ్ళాలి. కేకు బదులు ఆవిడకి ఇష్టమైన, గుడ్లూ పాలతో జున్నులా చేసే లెచె ఫ్లాన్ వండాలని లుమింగ్ ముప్ఫై గుడ్ల అట్ట తెచ్చి గుడ్డ కప్పి పెట్టింది. ఇప్పుడు గుడ్డ ఉంది, అట్ట ఉంది. గుడ్లు లేవు.

లుమింగ్ స్టవ్ వైపు తిరిగి, వేగిపోయిన వెల్లుల్లి అన్నాన్ని ఇంకా వేయిస్తూ నిలబడింది. మోహెంగ్ భార్య ఆమె. దొంగ కూడా ఆమే.

అయితే ఆమె తీసింది పన్నెండే. మిగతా పద్దెనిమిది ఎవరు తీశారు?

పెళ్ళికో పండగకో వాన రాకూడదనుకుంటే ఆ ఊళ్ళో ఎవరైనా చేసేది ఒక్కటే. శాంతా క్లారా మఠానికి గుడ్లు పట్టుకెళ్ళి, కోరిక చీటీ మీద రాసి ఇచ్చి రావడం. కానీ మోహెంగ్ ఆ మాట ఎత్తనివ్వలేదు. తడిసిన ఉత్తరాల సంచులు వచ్చిన ప్రతి రోజునీ అతను ముప్ఫై ఒక్క ఏళ్ళపాటు ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాడు. దాన్నిబట్టి లెక్కకట్టి, శనివారం ఒక్క చుక్క పడదని చుట్టాలందరికీ చెప్పాడు. మనీలా నుంచి చెల్లెలు నెనితా ఫోన్ చేసి, "అన్నయ్యా, నీకు ఆవగింజంత అనుమానం ఉన్నా చెప్పు. అమ్మని వానలో తిప్పొద్దు, ఏదైనా మాల్‌లో భోజనం పెట్టేద్దాం," అంది.

"అనుమానమా? నా నిఘంటువులో ఆ పేజీయే చింపేశాను!" అన్నాడు మోహెంగ్.

లుమింగ్ మాత్రం బుధవారం పొద్దున బజారు సంచిలో పన్నెండు గుడ్లు వేసుకుని వెళ్ళొచ్చింది. పట్టుబడితే అతను అరుస్తాడని కాదు ఆమె భయం. అరవడు. అదే కష్టం. ఉద్యోగం అయిపోయాక మూడు నెలలు కిటికీ దగ్గర కూర్చుని, లేని ఉత్తరాల మీద లేని ముద్రలు కొడుతున్నట్టు పిడికిలితో మోకాలి మీద తట్టుకుంటూ ఉండేవాడు. ఆ చప్పుడు ఆమెకి రాత్రి నిద్రలో కూడా వినిపించేది. గేటు బోర్డుకి రంగు వేసింది ఆమే. నీ లెక్క నేను నమ్మలేదు అని తెలిస్తే అతను మళ్ళీ ఆ కిటికీ దగ్గరికే వెళ్ళిపోతాడు. నెనితాకి తెలిస్తే సముద్రం ప్రయాణమే ఆగిపోతుంది. ఈ రెండింటిలో ఏది ముందు తలుచుకుని భయపడాలో ఆమెకి తోచలేదు.

"లుమింగ్! పద. ఈ కేసుకి నాకు సహాయకురాలు కావాలి," అన్నాడు మోహెంగ్.

"నేనా?"

"నేరస్థుడి మనసు చదవడానికి ఒక సామాన్య బుద్ధి పక్కన ఉండాలి."

సామాన్య బుద్ధి స్టవ్ ఆపి గొడుగు తీసుకుంది.

మోహెంగ్ వేషం వేసుకున్నాడు. నల్ల కళ్ళద్దాలు, మెడదాకా బొత్తాలు పెట్టిన వాన కోటు, పాత చీపురు పుల్లలు కత్తిరించి అంటించిన మీసం. గేటు దగ్గర కనబడగానే ఎదురింటావిడ, పెద్దవాళ్ళని పిలిచే మర్యాద తప్పకుండానే, "ఏం మాంగ్ మోహెంగ్, చీపురు పాడైందా?" అంది.

మొదట పెరట్లో ఒక ఈక దొరికింది. తపాలా బిళ్ళలు చూసే భూతద్దంతో దాన్ని పావుగంట పరీక్షించాడు.

"తెల్ల ఈక. కుడివైపు వాలింది. అంటే దొంగ ఎడమచేతి వాటం గలవాడు."

"వీడు కోడిగుడ్డు మీద ఈకలు పీకుతాడని ఊరంతా అంటుంటే ఏమో అనుకున్నాను," అంది లోలా సేపా అరుగు మీంచి. "పాపం, గుడ్డు లేకుండానే పీకుతున్నాడు."

తర్వాత బురదలో అడుగుజాడలు. ఆ అడుగుజాడల వెంటే వంగి నడుచుకుంటూ పెరడంతా మూడుసార్లు చుట్టాడు. ప్రతి చుట్టుకీ జాడలు పెరిగాయి.

"ఒక్కడు కాదు లుమింగ్. ముఠా!"

అక్కడినుంచి వీధి చివర ఆంబో బండికి. ఆంబో క్వెక్-క్వెక్ అమ్ముతాడు. కౌజుపిట్ట గుడ్లని నారింజరంగు పిండిలో ముంచి వేయించి పుల్లకి గుచ్చి ఇస్తాడు. మోహెంగ్ ఒక పుల్ల అందుకుని భూతద్దం పెట్టాడు.

"ఇవి ఎక్కడివి?"

"పిట్టలవి, మాంగ్ మోహెంగ్."

"నన్నెలా గుర్తుపట్టావు?"

"మీసం వెనక మీరే ఉన్నారుగా."

"మాట మార్చకు. మా ఇంట్లో ముప్ఫై పెద్ద గుడ్లు పోయాయి. నీ దగ్గర ముప్ఫై చిన్న గుడ్లు ఉన్నాయి. వాటిని ఎలా కుదించావు?"

ఆంబో లుమింగ్ వైపు చూశాడు. ఆమె ఆకాశం వైపు చూసింది.

"నూనెలో వేస్తే కొంచెం తగ్గుతాయి," అన్నాడు ఆంబో చివరికి, గిరాకీ పోగొట్టుకోలేక. "నిన్న ఒక గుడ్డు చిప్ప మఠం దారిలో చూశాను. అటువైపు వెతకరాదూ?"

లుమింగ్ గొడుగు మొహానికి అడ్డం పెట్టుకుంది. కానీ మోహెంగ్ గిర్రున వెనక్కి తిరిగాడు.

"మఠం దారా? అది దొంగ వేసిన తప్పుదారి! మనం చెరువు వైపు వెళ్తున్నాం."

ఆమె హమ్మయ్య అనుకుంది. ఆ వెంటనే ఆ ఉపశమనం కొంచెం చేదుగా కూడా అనిపించింది. తన మొగుడు ఇంత తెలివితక్కువవాడైనందుకు దేవుడికి దండం పెట్టుకోవలసి రావడం ఏ భార్యకైనా సుఖంగా ఉంటుందా? అతని చెవులు ఎర్రబడి ఉండటం ఆమె చూసింది. ఎండకి అనుకుంది. ఎండ లేదని అప్పుడు తోచలేదు.

చెరువు సగం దూరంలో ఉండగా ఆకాశం చిల్లుపడింది. గొడుగు వెల్లకిలా తిరగబడి పైన నీళ్ళు పట్టింది. మోహెంగ్ భార్య చెయ్యి పట్టుకుని కళ్ళద్దాల్లోంచి ఏమీ కనబడకుండానే పరుగెత్తి, మొట్టమొదట తగిలిన చూరు కిందికి దూరాడు.

వెనక చల్లటి గోడ. గోడలో, నిలువుగా పెట్టిన పీపాలాంటి చెక్క గూడు. మఠం లోపలి సిస్టర్లు ఎవరికీ కనబడరు. బయటివాళ్ళు అందులో ఏదైనా పెడితే, లోపలివాళ్ళు దాన్ని తిప్పి తీసుకుంటారు. లుమింగ్ దాన్ని చూసి గోడకి ఆనుకుంది. మోహెంగ్ కూడా దాన్ని చూశాడు. అతనెందుకో నోటిమీద వేలు పెట్టుకున్నాడు.

తడిసిన చీపురు మీసం సరిగ్గా అప్పుడే ముక్కులోకి పాకింది.

"హా... హాఛ్!"

మఠం గోడ అదిరింది. పీపా వెనకనుంచి ముసలి గొంతు హాయిగా పలికింది:

"దేవుడు దీవించు గాక, మాంగ్ మోహెంగ్! మళ్ళీ వచ్చారా? ఈసారి ఎన్ని గుడ్లు?"



"మీరు... పొరబడ్డారు సిస్టర్," అన్నాడు మోహెంగ్ గొంతు మార్చి. "నేను పరాయి ఊరివాణ్ణి. మీసం ఉన్నవాణ్ణి."

"మీసం నాకెలా తెలుస్తుంది నాయనా? ఆ తుమ్ము తెలుసు. నిన్న సాయంత్రం ఆ తుమ్ముకే పన్నెండింట్లో రెండు పగిలాయి."

లుమింగ్‌కి  నవ్వు ఆపుకున్నకొద్దీ పైకి పొంగి బయటపడింది.

"అలింగ్ లుమింగ్ కూడా వచ్చిందే!" అంది పీపా. "ఆ గొంతు నిన్న పొద్దున విన్నదే. మొత్తానికి మొగుడూ పెళ్ళాలు కలిసి వచ్చారు. మంచిది. చీట్లు కూడా కలిసే చదివాం ప్రార్థనలో."

మోహెంగ్ నల్ల కళ్ళద్దాలు తీసి భార్య వైపు గుడ్లప్పగించాడు. "నువ్వా?"

"నువ్వా?" అంది ఆమె.

"నీ చీటీలో ఏం రాశావు?"

 పీపాయే చెప్పింది. "ఆవిడ రాసింది, 'శనివారం ఎండ రావాలి. మా ఆయన లెక్క నిజం కావాలి' అని. మీరు రాసింది, 'నా లెక్క తప్పయినా ఫరవాలేదు. మా అమ్మ సముద్రం చూడాలి' అని."

మోహెంగ్ ఊడిన మీసాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. మొహంలో కిటికీ దగ్గర కూర్చున్నప్పటి ఖాళీ ఉందేమోనని లుమింగ్ వెతికింది. లేదు. తడిసిన మనిషి మొహమే ఉంది.

"మఠం దారి తప్పుదారి అన్నావు," అంది ఆమె.

"మరేమనను? దొంగ తన జాడ తనే చూపిస్తాడా?" అని ఆగి, "గుడ్డ తీసేసరికి పన్నెండే ఉన్నాయి. మనం తెచ్చింది పన్నెండే కాబోలనుకున్నాను," అన్నాడు.

"నా పన్నెండు, నీ పన్నెండు. ఇంకో ఆరేవి మహా పరిశోధకుడా?"

అతను నోరు తెరిచేలోగా పీపా అందుకుంది. "ఆరు గుడ్లా? అవి నిన్న మధ్యాహ్నం వచ్చాయి. కర్ర చప్పుడు చేసుకుంటూ ఎవరో పెద్దావిడ వచ్చింది. నలభై ఏళ్ళుగా ఇక్కడ ఉన్నాను, అందరూ ఎండే అడుగుతారు. ఆవిడ ఒక్కతే శనివారం వాన కావాలని రాసింది. పైగా బిస్కెట్లు అడిగి మరీ పట్టుకెళ్ళింది."

ఇంటికెళ్ళేసరికి లోలా సేపా అరుగు మీద బిస్కెట్ నములుతోంది. "దొరికాడా దొంగ?"

"ముఠా అంతా దొరికింది నానయ్," అన్నాడు మోహెంగ్. "ముఠా నాయకురాలి వయసు చూసి వదిలేశాం."

ఆవిడ నమలడం ఆపింది. బిస్కెట్ వైపు చూసింది, కొడుకు వైపు చూసింది. "ఎన్ని పుట్టినరోజులురా నాకు? అన్నీ తడివే. పొడిగా వస్తే అది నాదేనని ఎలా తెలుస్తుంది?" అంది. మళ్ళీ బిస్కెట్ కొరికి, "నెనితాకి చెప్పకు," అంది.

ఎవరూ చెప్పలేదు. లుమింగ్ ఇంకో ముప్ఫై గుడ్లు తెచ్చి లెచె ఫ్లాన్ వండింది. ఈసారి అట్టకి కాపలా ముగ్గురూ కాశారు, ఒకరి మీద ఒకరు కన్నేసి.

శనివారం లైయాలో ఎండ ఫెళ్ళున కాసింది. లోలా సేపా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని కాళ్ళు అలల్లో పెట్టింది. నెనితా కూడా లెక్క బాగుందని ఒప్పుకుంది. మూడు గంటలకి ఎండ ఎండగానే ఉండి వాన మొదలైంది. పిల్లలు, ఎండా వానా కలిస్తే గుర్రం తల దయ్యానికి పెళ్ళంటూ అరుస్తూ పరుగెత్తారు. నెనితా గొడుగు పట్టుకుని పరుగున వచ్చింది.

"తీసెయ్యి దాన్ని!" అని కసిరింది లోలా సేపా. మొహం పైకెత్తి, కళ్ళు మూసుకుని, వానని నోట్లో పట్టుకుంది. "ఆఁ. ఇప్పుడు నిండాయి ఎనభై."

మోహెంగ్ నోటు పుస్తకం తీసి గబగబా లెక్క వేశాడు. "లుమింగ్! ఎండకి ఇరవై నాలుగు గుడ్లు, వానకి ఆరు. నాలుగు పాళ్ళు ఎండ, ఒక పాలు వాన. పొద్దుటినుంచి చూడు, సరిగ్గా అంతే! ఇది నేను ముందే ఊహించాను."

లుమింగ్ అతని చేతిలోంచి పుస్తకం తీసుకుని, తడవకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఇసుకలో పెట్టింది. తన గౌను అంచుని మోకాళ్ళదాకా దోపుకుని నీళ్ళలోకి దిగింది.

"ఊహించావులే," అంది. "రా."

అతను వచ్చాడు. నీళ్ళలో నిలబడి, పక్కన ఉన్న ఆమె తడి చేతిమీద పిడికిలితో మెల్లిగా ఒక ముద్ర కొట్టాడు.