మల్లయ్య బస్తాల మీద జాతీయ పార్కు

ఆ పొద్దున గొడవ గోదాము షట్టరు గురించి. రాత్రి దాన్ని జానెడు ఎత్తున ఎవరు వదిలేశారన్నది తేలాలి.

"మీరే గద, గాలి రావాలె అని ఎత్తిపెట్టింది?" అంది విద్యావతి.

"గాలి నాకు గాదు, పసుపుకు," అన్నాడు ఆమె భర్త నారాయణదాస్.

ఆయన ఆర్మూర్‌లో పసుపు కమీషన్ ఏజెంటు. గాలితోపాటు ఒక పిచ్చుకల జంట లోపలికి వచ్చి, రైతు మల్లయ్య బస్తాల సందులో గూడు కట్టడం మొదలుపెట్టింది. ఆ బస్తాలు ఇవాళ మార్కెట్ యార్డుకు, వేలానికి పోవాలి. పోకపోతే ఇకమీదట తన సరుకంతా ఎదురు దుకాణం గంగాధర్‌కే వేస్తానని మల్లయ్య నిన్ననే తేల్చి చెప్పాడు. మల్లయ్య పోతే మోర్తాడ్ వైపు రైతులు సగం మంది ఆయన వెంటే పోతారు.

"గూడు ముట్టుకుంటే మాత్రం ఊకోను," అంది విద్యావతి.

డిగ్రీలో జువాలజీ చదువుతున్న కూతురు అక్షిత ఉపాయం చెప్పింది. "అభయారణ్యం అని బోర్డు పెడదాం డాడీ. అండ్ల పక్షులను ఎవరు ముట్టరు. పర్మిషన్ ఉంటే మనుషులు పోయి రావచ్చు."

"గది ఎన్నో నంబరు రకం?" అన్నాడు నారాయణదాస్. ఏళ్ల తరబడి పసుపును రకాలుగా ఏరించిన మనిషి.

"రకాలు గావు డాడీ. ఒక్కోటి ఒక్కో పనికి."

"దానికంటె మీద రకం ఏం లేదా?"

"జాతీయ పార్కు ఉంది. రూల్స్ ఇంకా టైట్. పశువుల మేపుడు, చెట్లు కొట్టుడు ఏదీ నడవది."

"గదే రాయి. మన దుకాణంల రెండో రకం పెడ్తమా?"

అక్షిత అట్ట మీద రాసి బస్తాలకు తగిలించింది. హమాలీలు రాగానే అడ్డం నిలబడింది.

"ఏయ్, నేను ఓనర్‌ను!" అన్నాడు తండ్రి.

"జాతీయ పార్కుల ఓనర్ ఉండడు డాడీ. సొంత హక్కులన్నీ పోతయ్."

నారాయణదాస్ బేరానికి దిగి అభయారణ్యానికి ఒప్పుకున్నాడు. హమాలీలు లోపలికి రావచ్చు కాని, బస్తాలు లేపి పిట్టలను కదిలించొద్దంది అక్షిత.

"ఇంక కిందికి ఏమున్నది?"

"కమ్యూనిటీ రిజర్వ్. జనమే ఇష్టంతోని సొంత జాగ ఇస్తరు. కమిటీ చూసుకుంటది."

"మనమే కమిటీ. రాయి!"

గూడున్న రెండు బస్తాలు వదిలి మిగతావి లేపాలని కమిటీ తీర్మానించింది. సరిగ్గా అప్పుడే మల్లయ్య వచ్చాడు. ఏ పేరు మీది రకమో, ఏది కింది రకమో బయట హమాలీలు ఆయనకు అప్పటికే చెప్పేశారు. అట్ట మీద రెండు పేర్లు కొట్టేసి, కింద మూడోది ఉంది.

"ఏం సేటు, పొద్దుగాల ఫస్ట్ రకమని రాసి ఇప్పుడు మూడో రకానికి దించినవా? నా పసుపుకు ఏం రోగమొచ్చింది?"

"గది పసుపు రకం గాదు మల్లన్నా, జాగ రకం!"

"జాగ నీది, బస్తాలు నాయి. గంగాధర్ సేటయితే నలుగుట్ల గిట్ల ఇజ్జత్ తియ్యడు."

మల్లయ్య మెట్లు దిగాడు. ఎదురు దుకాణంలో గంగాధర్ అప్పటికే కుర్చీ తుడుస్తున్నాడు. నారాయణదాస్ కూతురి చేతిలోని పెన్ను లాక్కుని, కొత్త అట్ట మీద తనే పెద్ద అక్షరాలతో 'జాతీయ పార్కు' అని రాసి ఎత్తి చూపించాడు. మల్లయ్య చదివి వెనక్కి వచ్చాడు.

"ఇప్పుడు మంచిగుంది."

"కాని కాకా, ఇగ బస్తాలు కదలయ్. ఇయ్యాల వేలం లేనట్టే," అంది అక్షిత.

"ఫస్ట్ రకం మాలు గింత జల్ది ఎవరమ్ముతరు బిడ్డా? మీ నాయినకే జర తొందర."

మధ్యాహ్నం మల్లయ్య సేటు ఇంట్లోనే భోజనానికి కూర్చున్నాడు. నారాయణదాస్ పప్పు కలుపుతూ నిర్ణయం ప్రకటించాడు. "పిచ్చుక పిల్లలు ఎగిరేదాక పార్కు పార్కే. ఒక్క బస్తా కదలది. మల్లన్న మాలు మన దగ్గర్నే ఉంటది."

పొద్దుటి కేకలకు బెదిరిన పిచ్చుకలు గడ్డిపోచలతో సహా గంగాధర్ దుకాణానికి మారిపోవడం చూసిన విద్యావతి, ఆ సంగతి దాచి మల్లయ్యకు ఇంకొంచెం పెరుగు వడ్డించింది.