చెవులు మూసుకున్న అల్లుడుగారు

ఆ ఆదివారం రఘురాం వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, హాల్లో కిటికీ పక్కనున్న పడక్కుర్చీలో వాలాలి, ముందురోజు కొన్న పాతకాలపు హెడ్‌ఫోన్లు తలకు తగిలించుకుని భోజనం వేళ దాకా వయొలిన్ కచేరీ వినాలి. ఆ తర్వాత తాను విన్నదాని గొప్పతనం గురించి, అది వినే భాగ్యం లేని మనుషులందరికీ చెప్పాలి. నిజానికి అతనికి ఇష్టమైన భాగం అదే.

రఘురాం సాల్ట్ లేక్‌లో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తాడు. విజయవాడ నుంచి ఉద్యోగానికి కలకత్తా వచ్చి, లిలువా రైల్వే కాలనీలో పుట్టి పెరిగిన సాయిసుధను పెళ్ళి చేసుకుని, సంత్రాగాఛిలో ఫ్లాటు తీసుకున్నాడు. లోకంలో మనుషులు రెండు రకాలని అతని అభిప్రాయం: సంగీతం వినేవాళ్ళు, ఉత్త చప్పుడు వినేవాళ్ళు. మొదటి రకంలో తాను ఉన్నాడు. ఆఫీసులో సుందర్‌ని కూడా, కొంచెం కింది మెట్టు మీద, అందులోనే చేర్చాడు. అత్తవారి కుటుంబం మొత్తం రెండో రకం. మామగారు వెంకటేశు ఫోన్‌లో పాట పెట్టి, గట్టిగా వినపడటానికి ఆ ఫోన్‌ని స్టీలు గ్లాసులో నిలబెడతాడని తెలిసిన రోజు రఘురాం అన్నం సరిగ్గా తినలేకపోయాడు.

హెడ్‌ఫోన్లు దొరికింది కలకత్తా చాందినీ చౌక్ సందులో ఓ పాత సామాన్ల కొట్టులో. "ఒక్కసారి పెట్టుకుని వినండి దాదా" అన్నాడు కొట్టు ఆయన.

రఘురాం జాలిగా నవ్వాడు. "ఇలాంటివి వినక్కర్లేదండీ. చేత్తో పట్టుకుంటే తెలిసిపోతుంది."

పట్టుకున్నాడు. ఇటుకంత బరువుంది. అంత బరువైన వస్తువు చెడ్డదయ్యే అవకాశమే లేదని అతనికి తెలిసిపోయింది. కొట్టు ఆయన దాని గురించి ఇంకేదో చెప్పబోతే చెయ్యెత్తి ఆపి, పొట్లం కట్టించుకుని వచ్చేశాడు. ఇంటికొచ్చాక సాయిసుధ, "పనిచేస్తున్నాయో లేదో చూసే తెచ్చారా?" అని అడిగింది. ఆ ప్రశ్నలోని అజ్ఞానాన్ని ఆమెకు అర్థమయ్యేలా వివరించడానికి రాత్రి భోజనమంతా సరిపోయింది.

తెల్లారింది. రికార్డు ప్లేయరు మీద వయొలిన్ రికార్డు పెట్టాడు. సూది వాలింది. రికార్డు తిరిగింది. ఆంప్లిఫయరు మీద ఎర్ర దీపం వెలిగింది. రఘురాం కళ్ళు మూసుకుని, హెడ్‌ఫోన్లలోంచి రాబోయే మొదటి స్వరం కోసం ఊపిరి బిగబట్టాడు.

ఏమీ రాలేదు.

శబ్దం పెంచాడు. రాలేదు. ఇంకా పెంచాడు. వైరు ఊడదీసి మళ్ళీ గుచ్చాడు. వంటింట్లో కుక్కరు కూత వినపడింది, వీధిలో చేపలమ్మే ఆయన కేక వినపడింది. వయొలిన్ మాత్రం లేదు. అప్పుడే సాయిసుధ కాఫీ కప్పుతో వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఎలా ఉందండీ?"

ముందురాత్రి ఉపన్యాసం మొత్తం రఘురాంకి ఒక్కసారిగా గుర్తొచ్చింది. అతను ఆమె మాట వినపడనట్టే కళ్ళు మూసుకున్నాడు. కుడిచేత్తో గాల్లో ఓ సున్నా చుట్టాడు. తల మెల్లగా పైకీ కిందకీ ఊపుతూ, చెవులు మూసుకున్నవాళ్ళు అరిచినట్టే, "అబ్బ! ఏం నాదం!" అని అరిచాడు.

సాయిసుధ కప్పు పక్కన పెట్టి, అక్కడే నిలబడి లిలువాలో ఉన్న తల్లికి ఫోన్ చేసింది.

"అమ్మా, బయల్దేరినారా? ఆయనా? చెవులకి కొబ్బరిచిప్పలంత ఏటో తగిలించుకుని కూకున్నారు. నేదు, ఏటీ ఇనపడదు, నువ్వు మాటాడు." అటునుంచి తల్లి ఏదో అడిగింది. సాయిసుధ కిసుక్కున నవ్వింది. "అదా! నిరుడు స్పీకర్లకి కొత్త వైరు తెచ్చి, దాంతో పాట ఎంత మారిపోయిందో అని అందరికీ చెప్పినారు కదా? ఆ కొత్త వైరు నాను సర్దుతూ అటక మీద పెట్టీసి, పాతది తగిలించీసేను. ఇప్పటికీ పాతదే ఉంది. ఎందుకులే అని సెప్పనేదు."

రఘురాం తల ఒక్క క్షణం ఆగింది. తల ఆగితే పాట ఆగినట్టవుతుందని గుర్తొచ్చి మళ్ళీ ఊగింది.

కాసేపటికి మామగారు వెంకటేశు, అత్తగారు సింహాచలమ్మ దిగారు. వెంకటేశు రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన మనిషి. కాలనీలో తెలుగువాళ్ళ భజన బృందానికి పెద్ద ఆయనే. ఈసారి ఆయన ఊరికే రాలేదు. పాత క్వార్టర్లు పడగొడుతున్నారు. బృందం కూర్చునే గది కూడా పోయింది. రెండు నెలలుగా బృందం పాడటం లేదు. హార్మోనియం వాయించే రామనాథం గారు ఇంట్లో మంచమెక్కి, ఎవరు పలకరించినా గోడవైపు తిరుగుతున్నాడు. వెంకటేశు ఆ మాట అల్లుడితో ఎలా చెప్పాలా అని రైలంతా అనుకుంటూ వచ్చాడు.

"ఏటల్లుడుగారూ, బావున్నారా?"

రఘురాం కళ్ళు తెరిచి, నవ్వి, చెవుల వైపు వేలు చూపించి మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. ఆయనతో మాట్లాడే శ్రమ తప్పినందుకు ఆ చెడిపోయిన హెడ్‌ఫోన్ల మీద అతనికి మొదటిసారి గౌరవం కలిగింది. అది ఎక్కువసేపు నిలవలేదు.

"మరేటి నేదండి" అని వెంకటేశు స్టూలు దగ్గరికి లాక్కున్నాడు. "మా భజనకి సోటు నేకుండా పోయింది. మీ హాలు సూస్తే ఇంత పెద్దది. ఆదివారం ఆదివారం పొద్దున్న మావోళ్ళు వచ్చి కూకుంటారు. లిలువాలోళ్ళు, షాలిమార్‌లోళ్ళు, అందరూ మంచోళ్ళే. మైకూ, బాక్సూ మేమే తెచ్చుకుంటాం. మీకేటీ ఇబ్బంది ఉండదు. సరేనాండి?"

రఘురాం కళ్ళముందు ఆ ఆదివారాలు కదిలాయి. తన హాల్లో డోలక్! తాళాలు! మైకు! కానీ తల ఊగుతూనే ఉంది. ఆపితే, విన్నట్టు. విన్నట్టయితే, హెడ్‌ఫోన్లు పలకనట్టు.

"ఒప్పీసుకున్నారే!" అన్నాడు వెంకటేశు.

"ఆయనకి ఇనపడదు నాన్నా. పాటకి ఊపుతన్నారు" అంది సాయిసుధ.

"నాను అడగ్గానే ఊపినారమ్మీ!"

ఇలా కాదని రఘురాం ఊపు మార్చాడు. పైకీ కిందకీ మానేసి, తలను ఇటూ అటూ మెత్తగా ఆడించాడు. సింహాచలమ్మ మొహం విప్పారింది. "సూడు, సూడు. దాందేముందీ, తప్పకుండా రండీ అంటన్నారు, పాపం."

కంగారులో రఘురాం ఆపమన్నట్టు అరచెయ్యి పైకెత్తాడు. వెంకటేశు దాన్ని అభయహస్తం అనుకుని, లేచి నిలబడి రెండు చేతులూ జోడించాడు. "ఖూబ్ భాలో, శానా మంచిది బాబూ! రామనాథానికి ఇప్పుడే ఫోన్ చేసీస్తాను." చేశాడు. అటునుంచి ముసలాయన ఏడుస్తున్న చప్పుడు, మూసిన చెవుల్లోకి కూడా చక్కగా దూరింది.

సాయిసుధ ఈ వింత చూసి, నవ్వు ఆపుకుంటూ కుర్చీ దగ్గర చేరింది. "అయితే నేనూ అడిగేస్తాను. ఏవండీ, ఆ పెద్ద స్పీకర్లు రెండూ అటక మీద పెట్టించేస్తాను. భజనకి చోటు కావాలి కదా?"

తల ఊగింది.

"దుర్గా పూజ సెలవులకి అమ్మావాళ్ళతో సింహాచలం వెళ్దామా?"

తల ఊగింది. రఘురాం కంగారుపడటం మానేశాడు. అతనికి ఓ తిరుగులేని ఉపాయం తట్టింది. సాయంత్రం హెడ్‌ఫోన్లు తీసేసి, "అయ్యో, ఎప్పుడన్నారు? నాకు ఒక్క ముక్క వినపడితే ఒట్టు!" అంటే చాలు. చెవులకు ఇంతింత చిప్పలున్న మనిషిని ఎవరు కాదనగలరు? ఆ ధైర్యంతో ఇంకాస్త హుషారుగా ఊపాడు.

అప్పుడు బెల్లు మోగింది. సుందర్ వచ్చాడు. హెడ్‌ఫోన్లు వినిపిస్తానని అతన్ని పిలిచింది తానేనని రఘురాంకి అప్పుడు గుర్తొచ్చింది.

సుందర్‌ది వరంగల్. ఆఫీసులో మధ్యాహ్నం పూట వీళ్ళిద్దరూ కలిసి మిగతా ఉద్యోగుల చెవుల గురించి హీనంగా మాట్లాడుకుంటారు. "అన్నా, ఏది, నాకోసారి ఇయ్యి" అన్నాడు గుమ్మంలోంచే.

"ఇప్పుడే వద్దు సుందర్. ఇవి పాతవి కదా, ఇంకా వేడెక్కాలి. సాయంత్రానికి గానీ గొంతు విప్పవు."

"వేడెక్కకున్నా మంచిదే, చల్లగనే ఇంట." సుందర్ ఆగలేదు. రఘురాం తలమీంచి హెడ్‌ఫోన్లు లాగి తాను పెట్టుకున్నాడు.

రఘురాం కళ్ళు మూసుకున్నాడు. సోమవారం ఆఫీసులో ఈ కథ ఏ అంతస్తు నుంచి మొదలై ఏ అంతస్తు దాకా వెళ్తుందో ఊహించుకున్నాడు.

సుందర్ కనుబొమలు ముడిపడ్డాయి. అతను తిరుగుతున్న రికార్డు వైపు చూశాడు, అట్ట మీది వయొలిన్ బొమ్మ వైపు చూశాడు, రఘురాం వైపు చూశాడు. తర్వాత కళ్ళు అరమోడ్చి, "అబ్బబ్బబ్బ!" అన్నాడు. "ఏం వయొలిన్ అన్నా! కమాను తీగకు రాసుకునే చప్పుడు సుత ఇనొస్తుంది! ఎనకాల మృదంగం జూడు, ఎంత దూరంల కూసున్నడో తెలుస్తుంది."

రఘురాం ఉలిక్కిపడ్డాడు. పలుకుతున్నాయా? గబుక్కున లాక్కుని పెట్టుకున్నాడు. నిశ్శబ్దం. మెల్లగా తీసి సుందర్ మొహంలోకి చూశాడు. వీడు దొంగ! ఇన్నాళ్ళూ ఇలాంటి బూటకపు మనిషితోనా తాను సంగీతం గురించి మాట్లాడింది!

"మృదంగం కుడివైపు ఉన్నాడు, గమనించావా?" అన్నాడు పైకి.

"అవునన్నా. జర్ర ఎనక్కి."

ఇద్దరూ ఆ లేని మృదంగాన్ని గదిలో ఎక్కడ కూర్చోబెట్టాలో తేల్చుకుంటుంటే సింహాచలమ్మ కొంగు దోపుకుని ముందుకొచ్చింది. "బాబూ, అంత బావుంటే నానూ ఓపాలి ఇంటాను."

"ఇవి అందరికీ అర్థం కావు అత్తయ్యగారూ. చెవి తయారవ్వాలి."

"నా సెవులకేటయిందీ? బాగానే ఉన్నాయి." ఆవిడ అడిగి పెట్టుకోలేదు, లాగి పెట్టుకుంది. జుట్టుముడికి అడ్డొచ్చింది. దుద్దులకు ఒత్తుకుంది. సర్దుకోవడానికి చిప్పలను రెండు చేతులతో పట్టుకుని ఇటూ అటూ తిప్పింది. ఆ తిప్పడంలో ఆవిడ బొటనవేళ్ళు చిప్పల అడుగున ఉన్న చిన్న చక్రాల మీద పడ్డాయి. చక్రాలు తిరిగాయి.

సింహాచలమ్మ నిలబడ్డచోటే ఎగిరిపడింది. "ఓలమ్మో! ఎవరో అరుత్తన్నారు!"

"అదే వయొలిన్ పిన్నీ" అన్నాడు సుందర్.

"వయొలినేటి బాబూ, ఎవరో డాక్టరుబాబు! బెంగాలీలో సెప్తన్నాడు. ఎవుడికో నాలుగు రోజులుగా కడుపు సాఫవనేదంట. పొద్దున్నే లెగిసి గోరెచ్చని నీళ్ళు తాగమంటన్నాడు. బొప్పాయి పండు తినమంటన్నాడు." ఆవిడ శ్రద్ధగా విని, భర్త వైపు తిరిగింది. "ఇదిగో, నువ్వూ ఇను, నీకు పనికొస్తాది."

రఘురాం హెడ్‌ఫోన్లు అందుకున్నాడు. డాక్టరు గొంతు స్పష్టంగా, నిండుగా, వెచ్చగా ఉంది. అంత మంచి శబ్దం అతను జీవితంలో వినలేదు. ఆంప్లిఫయరు వైపు చూశాడు. దాని మీట రికార్డు దగ్గర లేదు, రేడియో దగ్గరుంది. శబ్దం హెచ్చుతగ్గులకు ఆ కాలపు హెడ్‌ఫోన్ల చిప్పలకే చక్రాలుండేవని, వీటికవి పూర్తిగా తగ్గించి ఉన్నాయని, ఏళ్ళ తరబడి వాటి గురించి అందరికీ పాఠాలు చెప్పిన మనిషికి తెలియలేదు.

సుందర్ అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు. "అన్నా, స్టౌ మీద పాలు పెట్టొచ్చిన" అని, లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగాడు.

సాయిసుధ నడుం మీద చేతులు పెట్టుకుంది. "అయితే పొద్దుట్నుంచీ మీరు 'ఏం నాదం' అంటున్నది ఈ డాక్టరు గారి గురించా?"

రఘురాం ముందు తప్పించుకునే దారి ఒకటుంది. మలబద్ధకం మీద ప్రసంగాన్ని వయొలిన్ అనుకుని ఆనందించానని ఒప్పుకుంటే, మిగతావన్నీ తప్పిపోతాయి. భజన ఉండదు, స్పీకర్లు ఎక్కడివక్కడే ఉంటాయి. కానీ ఆ మాట అతని నోట రాలేదు. ఛాతీ విరిచి నిలబడ్డాడు.

"నేనేమన్నా అంత చెవిటివాణ్ణా? డాక్టరుకీ వయొలిన్‌కీ తేడా తెలీదా నాకు? ఇందులోంచి అసలు చప్పుడే రాలేదు!"

సాయిసుధ నడుం మీంచి చేతులు తీసింది.

"చప్పుడే రాకపోతే," అంది సాయిసుధ నెమ్మదిగా, "మా మాటలన్నీ వినపడ్డాయన్నమాట." ఆమెకు వైరు సంగతి గుర్తొచ్చింది. బుగ్గలు ఎర్రబడ్డాయి. తర్వాత మిగతావి కూడా గుర్తొచ్చాయి. ఎరుపు తగ్గి నవ్వొచ్చింది. "సింహాచలానికి టిక్కెట్లు తీసేస్తాను మరి."

వెంకటేశు కళ్ళు చెమ్మగిల్లాయి. వచ్చి అల్లుణ్ణి గట్టిగా కౌగలించుకున్నాడు. "నాను మీరు పాట ఇంటూ తెలీక ఊపినారేమో అని లోపల బయ్యపడతన్నానండి. అంతా ఇని, తెలిసే ఒప్పుకున్నారు! మా రామనాథాన్ని బతికించినారు బాబూ!"

మరుసటి ఆదివారం పొద్దున్నే హార్మోనియం, డోలక్, మైకు, నల్లటి పెద్ద బాక్సు లిఫ్టులో పైకొచ్చాయి. వాటి వెనక రామనాథం గారు కొత్త పంచె కట్టుకుని మెట్లెక్కే వచ్చాడు. మొదటి పాటకే కిటికీ అద్దాలు అదిరాయి. రఘురాం ఓ మూల నిలబడి ఒకే ఒక్క ఆశ పెట్టుకున్నాడు. కింది ఫ్లాటులో ఘోషాల్ బాబు ఉంటాడు. రిటైర్డ్ హెడ్‌మాస్టరు. పైన కుర్చీ జరిపినా వచ్చి తగువు పడే మనిషి. రెండో పాట సగంలో బెల్లు మోగింది. రఘురాం ఒక్క పరుగున వెళ్ళి తలుపు తీశాడు. ఘోషాల్ బాబు ఎర్రబడ్డ కళ్ళతో నిలబడి ఉన్నాడు.

"లోపలికి రండి! మీరే చెప్పండి వీళ్ళకి!" అన్నాడు రఘురాం, పట్టలేని సంతోషంతో.

ఘోషాల్ బాబు కళ్ళు తుడుచుకుని, చెప్పులు విడిచి, అతన్ని దాటుకుని హాల్లోకి వెళ్ళి ముందు వరసలో కూర్చున్నాడు. పాట అయ్యేదాకా ఆగి, వచ్చేవారం తన తబలా కూడా తెచ్చుకోవచ్చా అని అడిగాడు.