పూలకుండీలో మాత్రలు

నవ్వకుండా వినండి. గుండెపోటు వచ్చి తగ్గాక డాక్టరు రాసిచ్చిన మందుల్లో బీటా బ్లాకర్ అని ఓ బుల్లి మాత్ర ఉంది. దెబ్బతిన్న గుండె దౌడు తీయకుండా, నిమ్మళంగా కొట్టుకునేలా చూస్తుందట. నేనేమో బడిలో డ్రిల్లు మాస్టారిని. పిల్లల్ని పరుగెత్తించేవాడికి నిమ్మళమేమిటని నాకు ఒళ్లు మండింది.

మెట్లెక్కితే ఆయాసం, ఈల ఊదితే నీరసం.

"అంతా ఈ మాత్ర మహిమే," అన్నాను మా ఆవిడతో.

"కాదు, మీ బొజ్జ మహిమ."

"మానేస్తాను."

"మానేసి చూడండి, నేనేం చేస్తానో!"

ఆవిడతో పేచీ ఎందుకని, రోజూ మాత్ర మింగినట్టు నటించి కిటికీలోని పూలకుండీలో పాతిపెట్టడం మొదలుపెట్టాను. చిత్రమేమిటంటే, కొన్నాళ్లకే ఒంట్లోకి హుషారొచ్చింది. పొద్దుటి కాఫీ మాత్రం చేదెక్కింది. అడిగితే, "చక్కెర తగ్గించాను," అంది. నోరు మూసుకుని తాగాను.

కళ్లు నెత్తికెక్కి, బడి ఆటల పోటీల్లో మాస్టార్ల పరుగుపందేనికి పేరిచ్చాను. గీత దగ్గర వంగానో లేదో, మా ఆవిడ వచ్చి ఎదురుగా నిలబడింది.

"పక్కకి రండి."

"రాను! ఆ మాత్ర మానేసి ఎన్నాళ్లయిందో తెలుసా? నా గుండె గుండ్రాయిలా ఉంది!"

"మీరు మానలేదు. రోజూ వేసుకుంటూనే ఉన్నారు."

"ఎక్కడ?"

"కాఫీలో. కుండీలో నీళ్లు పోస్తుంటే మీ మాత్రలు బయటపడ్డాయి. వెంటనే డాక్టరుకి ఫోన్ చేశాను. ఉన్నపళంగా మానేస్తే గుండె ఎదురు తిరుగుతుందట, ప్రాణం మీదికొస్తుందట. ఈ మాత్ర పొడి చేయొచ్చని ఆయన చెప్పాకే కలిపాను."

"మరి నన్ను నిలదీయలేదేం?"

"మీకు కోపం తెప్పించాలంటే భయమేసింది. ఆ రోజు ఆస్పత్రి వరండాలో మీ చెప్పులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. లోపల్నుంచి ఎవరొచ్చినా లేచి నిలబడ్డాను. మళ్లీ నా వల్ల కాదండీ."

ఆవిడ అంత భయపడిందని నాకు అప్పటిదాకా తెలియదు. తల దించుకుని గీత దగ్గర్నుంచి పక్కకొచ్చాను.

"రేపట్నుంచి నా చేతికే ఇవ్వు. నీ ఎదురుగానే మింగుతాను."

ఆవిడ కళ్లు తుడుచుకుంది. "మింగి, నోరు తెరిచి చూపించాలి."

"పిల్లలు వింటున్నారే!"

"విననీండి. ఇప్పుడోసారి తెరవండి, అలవాటవుతుంది."

తెరిచాను.